వెయ్యి కళ్లజోళ్లు, ఒక మూత్రపరీక్ష

పోయిన సద్దుల బతుకమ్మ నాడు, ఊరికి దూరంగా ఇక్కడ మన అసోసియేషన్ వేడుకలో, బతుకమ్మలను పిల్లల ఈతతొట్టిలో నిమజ్జనం చేసి, సత్తుపిండి పంచుకుంటున్న వేళ మన ఆరోగ్య కమిటీ అన్న మైకు అందుకున్నారు. ఈసారి కూడా డిసెంబరులో హనుమకొండలో శిబిరం, బీపీ, షుగర్ పరీక్షలు, వెయ్యి మందికి కళ్లజోళ్లు అని చెప్పారు. నేను చెయ్యెత్తి, అక్కడే ఒక మూత్రపరీక్ష బల్ల కూడా వేద్దాం, రక్తనాళాలు వాచే వాస్కులైటిస్ లాంటి జబ్బులు తొందరగా దొరుకుతాయి అన్నాను. "పేరు పలకడమే కష్టంగా ఉంది అక్కా, లక్షల మందిలో ఏ కొందరికో వచ్చే రోగానికి అసోసియేషన్ డబ్బు పెడితే ఎలా?" అన్నారు. హాలంతా నవ్వింది. నేనూ నవ్వాను. కారెక్కిన తర్వాత ఏడుపొచ్చింది.

ఆ కొందరిలో మా తమ్ముడు ఒకడు.

హనుమకొండ చౌరస్తా దగ్గర వాడికి ఫోటో ఫ్రేముల దుకాణం. మూడేళ్ల క్రితం ముక్కు దిబ్బడతో మొదలైంది. లోపల పక్కులు కట్టేవి, తీస్తే రక్తం. రంపపుపొట్టు పడటం లేదని అందరం తేల్చేశాం. వీధి చివరి ఆర్‌ఎంపీ డాక్టరు సూది వేస్తే నాలుగు రోజులు హాయిగా ఉండేవాడు, మళ్లీ మొదటికే. అది స్టెరాయిడ్ సూది అని, రోగాన్ని తగ్గించకుండా కప్పిపెట్టిందని తర్వాత తెలిసింది. ఆ తర్వాత దగ్గులో రక్తం పడింది. ఒక ఆసుపత్రిలో ఎక్స్‌రేలో మచ్చలు చూసి, కళ్లెలో క్రిములు కనబడకపోయినా టీబీ మాత్రలు మొదలుపెట్టారు. నేను వాళ్లను తిట్టను. టీబీ ఇంతగా ఉన్న దేశంలో ఊపిరితిత్తుల్లో మచ్చ కనిపిస్తే ముందు ఆ అనుమానమే వస్తుంది. కానీ టీబీ మాత్రల్లో రిఫాంపిసిన్ మూత్రాన్ని నారింజ ఎరుపుగా మారుస్తుంది. వాడి మూత్రం ముదురుగా వస్తుంటే మాత్రల రంగే అనుకున్నాం, రక్తం అనుకోలేదు. ఫోనులో నేనే వాడికి ధైర్యం చెప్పాను.

మూడో నెలలో కాజీపేట ప్లాట్‌ఫారం మీద వాడి ఎడమ కాలి చెప్పు జారిపోయింది. వాడికి తెలియలేదు. వెనక నుంచి ఎవరో పిలిచి, "అన్నా, నీ చెప్పు" అంటే తిరిగి చూశాడు. పాదానికి స్పర్శ లేదు, వేళ్లు పైకి లేవడం లేదు. నరాలకు రక్తం అందించే సన్నని నాళాలు వాచిపోయాయి. హైదరాబాదులో పరీక్ష చేసేసరికి, కిడ్నీలు చెడేకొద్దీ రక్తంలో పెరిగే క్రియాటినిన్ నాలుగు దాటింది. ఏంకా అనే రక్తపరీక్ష, కిడ్నీ నుంచి చిన్న ముక్క తీసి చేసిన బయాప్సీ, రెండూ ఒకే మాట చెప్పాయి. జీపీఏ. వాస్కులైటిస్‌లో ఒక రకం. ఒంట్లోని రోగనిరోధక శక్తే రక్తనాళాల గోడల మీద తిరగబడుతుంది. ముక్కు, ఊపిరితిత్తులు, కిడ్నీలు, నరాలు, ఏదీ దానికి అడ్డు కాదు. కిడ్నీ పాడవుతున్నప్పుడు నొప్పి కూడా ఉండదు. సరైన మందులు లేని రోజుల్లో ఈ జబ్బు ముదిరినవాళ్లలో ఎక్కువ మంది ఏడాది దాటేవారు కాదట. ఇప్పుడు అలా కాదు. ఆ తిరగబడే రోగనిరోధక శక్తిని అణిచే రిటుక్సిమాబ్ అనే మందు ఉంది. దానికి సమానమైన మందును 2007లోనే మన హైదరాబాదు కంపెనీ డాక్టర్ రెడ్డీస్ తయారుచేసి అమ్మింది. అంటే మందు మన రాష్ట్రంలోనే ఉంది, మా తమ్ముడికి రోగం పేరు చెప్పేవాళ్లు మాత్రం హనుమకొండకు నూటయాభై కిలోమీటర్ల దూరంలో ఉన్నారు.

ఇంటి అలవాట్ల గురించి కూడా నిజాయితీగా చెప్పాలి. ఈ జబ్బుకు ఇచ్చిన స్టెరాయిడ్ మాత్రలకు వాడి ముఖం ఉబ్బిందని చూసి మా పెద్దమ్మ, "ఆ స్టెరాయిడ్లు ఎముకలు తింటాయి, మానెయ్యి" అంది. వాడు చెప్పకుండా మానేశాడు. ఐదో రోజు వాంతులు, కళ్లు తిరగడం, మళ్లీ ఆసుపత్రి. నెలల తరబడి వాడిన స్టెరాయిడ్‌ను కొద్దికొద్దిగా దించాలి తప్ప ఒక్కసారిగా ఆపకూడదని చీటీ మీద ఎవరూ తెలుగులో రాసివ్వలేదు. పెద్దమ్మను కోప్పడదామని ఫోను చేశాను, ఆమె గొంతు వినగానే మాట రాలేదు. ఇంకో సంగతి. స్టెరాయిడ్ ఆకలి రాత్రి రెండింటికి లేపుతుంది. అమ్మ లేచి బియ్యప్పిండిలో పల్లీలు, నువ్వులు, కరివేపాకు కలిపి, గిన్నె లోపల చేత్తో అద్ది, వేలితో చిల్లులు పొడిచి, ఒక్కో చిల్లులో నూనె చుక్క వేసి సర్వపిండి కాల్చేది. ఉప్పు తగ్గించాలని డాక్టరు చెప్పారు. అమ్మ ఉప్పు డబ్బా మూత తీసి, చిటికెడు తీసుకుని, మళ్లీ సగం డబ్బాలోకే రాల్చేది. వీడియో కాల్‌లో ఇది చూశాను. చప్పటి సర్వపిండిని వాడు వంక పెట్టకుండా తినేవాడు. రోగిని చూసుకోవడం మనవాళ్లకు ఎవరూ నేర్పనక్కర్లేదు, కనీసం మా అమ్మకు.

కళ్లజోళ్లు వద్దని నేననను. మా అమ్మ చత్వారపు అద్దాలు మన శిబిరంలో ఇచ్చినవే. వెయ్యి మంది చూపు ఒకవైపు, ఒకరి కిడ్నీ ఒకవైపు పెట్టి తూస్తే తక్కెడ ఎటు మొగ్గుతుందో నాకూ తెలుసు. అయితే మూత్రంలో రక్తం, ప్రొటీన్ చూపే స్ట్రిప్పు కళ్లజోడు కంటే చాలా చౌక. ఒక నిమిషం పని. షుగర్, బీపీ వల్ల పాడయ్యే కిడ్నీలు కూడా దానితోనే ముందుగా బయటపడతాయి, కాబట్టి నా బల్ల కొందరి కోసమే కాదు. ఇంకోటి, బీపీ రెండు చేతులకూ చూడండి. తకయాసు అనే ఇంకో రకం వాస్కులైటిస్ మన ఆసియా దేశాల్లో ఎక్కువ, అదీ వయసులో ఉన్న ఆడవాళ్లకు. ఒక చేతి నాడి అందదు, రెండు చేతుల బీపీకీ పొంతన ఉండదు. జపాన్ కంటి డాక్టరు తకయాసు 1908లోనే దాన్ని వివరించాడు. మనం ఇంకా ఒక్క చేతికే పట్టీ చుడుతున్నాం!

ఆ రోజు హాల్లో కాకతీయ మెడికల్ కాలేజీలో చదివినవాళ్లే నలుగురు కూర్చున్నారు. ఒకరు కిడ్నీ డాక్టరు, ఒకరు రుమటాలజిస్టు, అంటే కీళ్లవాతం, వాస్కులైటిస్ లాంటి జబ్బులు చూసే డాక్టరు. వాళ్లు నవ్వారో లేదో నేను చూడలేదు, చూడకపోవడమే మంచిదైంది. నేను అడిగేది వాళ్ల సెలవులు కాదు. స్ట్రిప్పు రంగు మారిన మనిషి రిపోర్టులు నెలకొకసారి ఒక గంట కూర్చుని, అక్కడి డాక్టరుతో కలిసి చూడండి. హనుమకొండలో ఒక నర్సుకు జీతం ఇద్దాం. ఎవరు ఎప్పుడు హైదరాబాదు వెళ్లాలో, ఏ మాత్ర ఆపకూడదో ఆమె ఫోను చేసి చెబుతుంది. హైదరాబాదు నిమ్స్ ఆసుపత్రిలో రుమటాలజీ విభాగం ఉంది. అక్కడిదాకా వెళ్లేవాడికి బస్సు చార్జీ, తోడు వచ్చేవాళ్లకు ఒక పూట భోజనం, ఒక రోజు కూలి. ఈ జబ్బు తగ్గినట్టే తగ్గి తిరగబెడుతుంది, ఏళ్ల తరబడి చూపించుకోవాలి. ఏడాదికొక రోజు వేసే శిబిరం ఆ పని చేయలేదు, దాన్ని తప్పుపట్టడం లేదు.

తమ్ముడు ఇప్పుడు దుకాణం తెరుస్తున్నాడు. ఎడమ పాదానికి పట్టీ, చెప్పులకు బదులు తాడు కట్టుకునే బూట్లు. ఆరు నెలలకొకసారి సెలైన్‌లో మందు ఎక్కించుకుని వస్తాడు. క్రియాటినిన్ రెండు దగ్గర ఆగింది. అంతకంటే కిందికి రాదని చెప్పారు.

కమిటీ అన్నా, డిసెంబరులో నేనూ ఊళ్లోనే ఉంటాను. స్ట్రిప్పుల డబ్బాలు హనుమకొండలో మందుల దుకాణంలో నా డబ్బుతోనే కొంటాను. మరుగుదొడ్డికి దగ్గరగా, కాస్త వెలుతురున్న చోట ఒక బల్ల, రెండు కుర్చీలు వేయించండి.