గొళ్ళెం పడని తలుపు

తమిళనాడు ప్రభుత్వం ఏటా ఏప్రిల్ 15ను తిరునంగైల (ట్రాన్స్ మహిళలకు తమిళంలో ఉన్న పేరు) దినంగా పాటిస్తుంది. 2008లో ఆ తేదీనే దేశంలో మొట్టమొదటి ట్రాన్స్‌జెండర్ సంక్షేమ మండలి ఇక్కడ ఏర్పాటైంది. 2014లో సరిగ్గా అదే తేదీన సుప్రీంకోర్టు, నల్సా (జాతీయ న్యాయ సేవల ప్రాధికార సంస్థ) కేసుగా పేరుపడిన వ్యాజ్యంలో, తాను స్త్రీనో పురుషుణ్ణో ఆ రెండూ కానో చెప్పుకునే హక్కు ఎవరిది వారిదేనని, అందుకు శస్త్రచికిత్స జరిగి ఉండాలని పట్టుబట్టడం చట్టవిరుద్ధమని తీర్పునిచ్చింది. ఇక 2025లో ఆ దినం గడిచిన మర్నాడే, ఏప్రిల్ 16న, బ్రిటన్ సుప్రీంకోర్టు ధర్మాసనంలోని అయిదుగురు న్యాయమూర్తులూ ఏకగ్రీవంగా మరో మాట చెప్పారు. తమ దేశపు 2010 నాటి సమానత్వ చట్టంలో ‘స్త్రీ’ అన్న పదానికి పుట్టుకతో స్త్రీ అయిన వ్యక్తి అనే అర్థమని, పురుషుడిగా పుట్టి తరువాత స్త్రీగా ధ్రువపత్రం పొందినవారు ఆ పదం కిందికి రారని దాని సారాంశం. ఆ తీర్పు చెన్నై తెలుగువారి వాట్సాప్ గ్రూపులకు చేరడానికి ఎంతోసేపు పట్టలేదు. కొందరు దాన్ని మన కోర్టు తీర్పుకు విరుగుడు అన్నట్టు పంచుకున్నారు. మరికొందరు ఇక ట్రాన్స్‌జెండర్ల పని అయిపోయిందన్నట్టు వాపోయారు. ఇరువర్గాలూ తీర్పు చదివినట్టు లేరు.

అది ఒక చట్టంలోని ఒక పదానికి చెప్పిన అర్థం. స్కాట్లాండులో ప్రభుత్వ సంస్థల బోర్డుల్లో సగం స్థానాలు స్త్రీలకు దక్కాలన్న చట్టం దగ్గర మొదలైన వివాదం అక్కడిదాకా వెళ్ళింది. ట్రాన్స్‌జెండర్లపై వివక్ష చూపరాదన్న నిబంధన అదే చట్టంలో విడిగా ఉందని, ఆ రక్షణ చెక్కుచెదరలేదని కూడా అదే తీర్పు చెప్పింది. దీన్ని ఒక వర్గం మీద మరో వర్గం గెలిచినట్టుగా చూడవద్దని న్యాయమూర్తి లార్డ్ హాడ్జ్ తీర్పు వినిపిస్తూనే హెచ్చరించారు. పైగా అటువంటి సమగ్ర సమానత్వ చట్టం మన దేశంలో లేనే లేదు. మనకున్నది రాజ్యాంగంలోని 15వ అధికరణం. లింగాన్ని బట్టి వివక్ష కూడదని అది చెబుతుంది, స్త్రీల కోసం ప్రత్యేక ఏర్పాట్లు చేయవచ్చునని దాని మూడో క్లాజు చెబుతుంది, ఆ ‘లింగం’ అన్న మాటలో లింగ గుర్తింపు కూడా ఇమిడి ఉందని నల్సా తీర్పు చెబుతుంది. లండన్ తీర్పు అక్కడి చట్టానికి కుట్టిన చొక్కా. మనకు తొడిగితే చేతులు పట్టవు.

అంతమాత్రాన ఈ చర్చ మనది కాదని తోసిపుచ్చడానికీ వీల్లేదు. ఆ రోజుల్లో మా కార్యాలయానికి వచ్చిన ఉత్తరాల్లో రెండు మమ్మల్ని ఆలోచింపజేశాయి. టీ నగర్‌లో ఉండే ఒక గృహిణి, ఐటీ కంపెనీలుండే ఓఎంఆర్ (పాత మహాబలిపురం రోడ్డు) మీద ఉద్యోగం చేస్తూ లేడీస్ హాస్టల్లో ఉన్న తన కూతురి గురించి రాశారు. పక్క మంచం మీద ఎవరు పడుకుంటారో అడిగితే తనను చాదస్తురాలి కింద జమకడుతున్నారని, ఆడపిల్లకు విడిగా ఒక చోటు ఉండాలనుకోవడం ఎప్పటినుంచి తప్పయిందని ఆమె ప్రశ్న. రెండో ఉత్తరం నెల్లూరు జిల్లా నుంచి బతుకుతెరువుకు ఈ నగరానికి వచ్చిన ట్రాన్స్ మహిళది. లేడీస్ హాస్టల్లో చోటు లేదన్నారు, జెంట్స్ హాస్టల్లో ఒక్క రాత్రి గడపడానికే ధైర్యం చాలలేదు, పోనీ చిన్న వాటా తీసుకుందామంటే పది నెలల అద్దె అడ్వాన్సు అడిగే ఇంటాయన ఈమెను చూసి ఇరవై నెలలన్నాడు.

ఈ రెండు ఉత్తరాల్లో అబద్ధమేదీ లేదని మేము నమ్ముతున్నాం. ఆడవారికి విడిగా చోటు కావాలన్న పట్టుదల ఊరికే పుట్టలేదు. బహిర్భూమికి వెళ్ళడానికి చీకటి పడేదాకా కడుపు బిగబట్టుకుని కూర్చున్న తరం ఇంకా మన ఇళ్ళలోనే ఉంది. ఆ చోటును ఎవరు, ఏ లెక్కన పంచుకుంటారని స్త్రీలు అడిగినప్పుడు, అడగడమే ద్వేషమని నోరు మూయించడం న్యాయం కాదు. కానీ ఆ ప్రశ్నకు జవాబు ఇవ్వవలసినది ఎవరు? వాదమంతా ఆ ఇద్దరు ఉత్తరాల రచయితల మధ్యే జరగాలన్నట్టుగా నడుస్తోంది. గదులు కట్టించవలసినవారు, నిబంధనలు రాయవలసినవారు మాత్రం గట్టు మీద కూర్చుని చూస్తున్నారు.

నగరంలోని ఒక బస్టాండులో మా ప్రతినిధి చూసిన మరుగుదొడ్డి సంగతి చెబితే ఇది తేటపడుతుంది. ఆణ్గళ్ (పురుషులు), పెణ్గళ్ (స్త్రీలు) అని రెండు బోర్డులు, మధ్యలో ప్లాస్టిక్ కుర్చీ, చిల్లర వేసుకునే స్టీలు డబ్బా. ఆడవారి వైపు నాలుగు దొడ్లుంటే రెండింటికి గొళ్ళేలు ఊడిపోయాయి, ఒకదాని తలుపు కింద జానెడు మేర చివికిపోయింది, బల్బు హోల్డరు ఖాళీ. డబ్బా దగ్గర కూర్చున్నామె తాతల కాలంలో తెలుగు నేల నుంచి వచ్చి పులియంతోపులో స్థిరపడిన పారిశుద్ధ్య కార్మికుల ఇంటి మనిషి. రోజూ సాయంత్రం ఒక తిరునంగై వస్తుందట. లోపలికి పంపితే ఆడవాళ్ళు గొణుగుతారు, మగవాళ్ళ వైపు పంపితే వాళ్ళు చేసే వెకిలి చేష్టలు చూడలేం, అందుకని ఎవరూ లేని సమయం చూసి తనే పంపి బయట కాపలా ఉంటుందట. ఎవరిని ఎటు పంపాలంటారని మా ప్రతినిధి అడిగితే ఆమె విసుక్కుంది. “అదంతా తరవాత సార్, ముందు ఆ గొళ్ళేలు ఏపించండి. లోపల గొళ్ళెం పడితే పక్క దొడ్లో ఎవురుంటే ఏంది?”

కోర్టుల్లోనూ చానెళ్ళలోనూ సాగిన వాదోపవాదాలలో ఇంత సూటి మాట మేము వినలేదు. నల్సా తీర్పులోనే ట్రాన్స్‌జెండర్లకు ప్రత్యేక మరుగుదొడ్లు ఏర్పాటు చేయాలన్న ఆదేశం ఉంది. ట్రాన్స్‌జెండర్ల హక్కుల పరిరక్షణకు పార్లమెంటు చేసిన 2019 చట్టం కింద 2020 సెప్టెంబరులో వెలువడిన నియమావళి ఆసుపత్రి వార్డుల్లో, సంస్థల మరుగుదొడ్లలో పురుషుల విభాగమో, స్త్రీల విభాగమో, విడి విభాగమో ఎంచుకునే వీలు కల్పించాలంటూ ప్రభుత్వాలకు రెండేళ్ళ గడువు పెట్టింది. ఆ గడువు 2022లోనే తీరిపోయింది. 2025 జనవరిలో సుప్రీంకోర్టు దేశంలోని కోర్టు ప్రాంగణాలన్నిటిలోనూ పురుషులకు, స్త్రీలకు, వికలాంగులకు, ట్రాన్స్‌జెండర్లకు మరుగుదొడ్లు కట్టించమని విడిగా చెప్పవలసి వచ్చిందంటే, న్యాయం చెప్పే ఆవరణలోనే పరిస్థితి ఎలా ఉందో ఊహించుకోవచ్చు. ఎంచుకునే వీలు అన్న మాటను ఇక్కడ గట్టిగా పట్టుకోవాలి. మూడో బోర్డు ఒకటి తగిలించి చేతులు దులుపుకుంటే, ఆ తలుపు తోసుకుని వెళ్ళే ప్రతిసారీ ఆ మనిషి తన సంగతి బస్టాండంతటికీ చాటుకున్నట్టే అవుతుంది. నేల నుంచి కప్పు దాకా గోడ, లోపల కుళాయి, గట్టి గొళ్ళెం ఉన్న విడివిడి గదులైతే స్త్రీల భయమూ తీరుతుంది, ఎవరూ ఎవరికీ సంజాయిషీ ఇచ్చుకోవలసిన పనీ ఉండదు. ఖర్చవుతుంది, నిజమే.

అన్ని తగవులూ గొళ్ళెంతో తీరవు. క్రీడల విషయంలో శరీరం లెక్కలోకి రాక తప్పదు. పురుష యవ్వనం తెచ్చిపెట్టిన ఎత్తు, ఎముక, కండ ఆ తరువాత మందులతో పూర్తిగా కరిగిపోవని మహిళా క్రీడాకారులు అంటున్నప్పుడు దాన్ని అసూయ కింద కొట్టిపారేయలేం. పురుష యవ్వనం దాటి వచ్చిన ట్రాన్స్ మహిళలు అంతర్జాతీయ మహిళల పోటీల్లో పాల్గొనరాదని ప్రపంచ అథ్లెటిక్స్ సంస్థ 2023లో పెట్టిన నిబంధనలో హేతువు ఉందనే మా అభిప్రాయం. అయితే గీత గీసే చేతి మీద కూడా ఒక కన్ను ఉండాలి. పుదుక్కోట్టై జిల్లాలో ఇటుక బట్టీ కూలీల ఇంట పుట్టిన శాంతి సౌందరరాజన్ 2006 దోహా ఆసియా క్రీడల్లో 800 మీటర్ల పరుగులో రజతం గెలిచారు. లింగ నిర్ధారణ పరీక్షలో విఫలమయ్యారంటూ ఆ పతకాన్ని వెనక్కి తీసుకున్నారు. ఆమె ట్రాన్స్‌జెండర్ కాదు. ఆడపిల్లగా పుట్టి ఆడపిల్లగానే పెరిగారు. వైద్యుడికీ ఆమెకూ మధ్య ఉండవలసిన కాగితం దేశమంతటికీ వార్త అయింది, అందులో మా వృత్తివారి పాత్ర తక్కువేమీ కాదు. ఆత్మహత్యకు ప్రయత్నించి బతికిన ఆ అథ్లెట్ కొన్నేళ్ళకు మళ్ళీ ఇటుక బట్టీలోనే కూలికి వెళ్ళవలసి వచ్చింది. ఒలింపిక్స్‌లో స్త్రీలకు క్రోమోజోము పరీక్షలు 1968లో మొదలుపెట్టి, వాటితో మేలుకన్నా కీడే ఎక్కువని తేలాక 1999లో ఆపేశారు. 1996 అట్లాంటాలో పరీక్షించిన 3,387 మందిలో ఎనిమిది మందికి తేడా ఫలితం వస్తే, ఎనిమిది మందినీ చివరికి ఆడనిచ్చారు. ఇప్పుడు 2025 సెప్టెంబరు 1 నుంచి ప్రపంచ అథ్లెటిక్స్ మళ్ళీ ఒక జన్యు పరీక్షను తెచ్చింది. ఆ పరీక్ష ఉండాలా వద్దా అన్నదానికన్నా, ఫలితం ఎవరి చేతికి చేరుతుంది, మన గ్రామీణ అథ్లెట్‌కు అప్పీలు ఖర్చు ఎవరు భరిస్తారు అన్నవే మాకు పెద్ద ప్రశ్నలు.

ప్రకృతి అందరినీ రెండు గంపల్లో సర్దలేదన్న సంగతిని గుర్తించిన కోర్టు మన రాష్ట్రంలోనే ఉంది. హిందూ వివాహ చట్టంలోని ‘వధువు’ అన్న మాట ట్రాన్స్ మహిళకూ వర్తిస్తుందని 2019 ఏప్రిల్‌లో చెప్పిన మద్రాసు హైకోర్టు మదురై ధర్మాసనం, స్పష్టంగా ఒక లింగానికి చేరని శరీరంతో పుట్టిన పసికందులను కోసి కుట్టి ఏదో ఒకటి చేసే శస్త్రచికిత్సలను కూడా అదే తీర్పులో నిషేధించమంది. ఆ ఏడాది ఆగస్టులోనే తమిళనాడు ప్రభుత్వం ఉత్తర్వు తెచ్చింది.

కోటాల సంగతి ఇంత చిక్కుది కాదు. స్త్రీలకు కేటాయించిన ఉద్యోగాల్లో ట్రాన్స్ మహిళలను కూర్చోబెడితే ఇరుపక్షాలకూ అన్యాయం జరిగిందన్న భావనే మిగులుతుంది. కర్ణాటక 2021లో ప్రభుత్వోద్యోగాల్లో ప్రతి సామాజిక వర్గం లోపలా ఒక శాతం ట్రాన్స్‌జెండర్లకు కేటాయించింది. దళిత ట్రాన్స్ మహిళ దళితుల వాటాలోనే ఉంటుంది, మామూలు మహిళల వాటా తరగదు. తమిళనాడు 2015లో వారిని అత్యంత వెనుకబడిన తరగతుల జాబితాలో చేర్చింది గానీ, కర్ణాటక పద్ధతే మేలు. రెండు తెలుగు రాష్ట్రాలూ ఆ బాట పట్టడానికి అడ్డేమిటో మాకు తెలియడం లేదు. బస్సుల్లో ఈ పేచీ రాలేదు కదా: ఇక్కడ 2021లో స్త్రీలకు మొదలైన ఉచిత ప్రయాణం కొద్ది వారాల్లోనే ట్రాన్స్‌జెండర్లకూ వర్తించింది, ఆ తరువాత కర్ణాటక, తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ కూడా ఇద్దరినీ కలిపే ఎక్కించుకున్నాయి. దానివల్ల ఏ ఆడపిల్లా టికెట్టు కొనుక్కోవలసి రాలేదు.

శిక్షా చట్టం దగ్గర మాత్రం అన్యాయం కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. స్త్రీపై అత్యాచారానికి భారతీయ న్యాయ సంహిత కనీసం పదేళ్ళ శిక్ష పెట్టింది. ట్రాన్స్‌జెండర్‌పై లైంగిక హింసకు 2019 చట్టం పెట్టిన గరిష్ఠ శిక్ష రెండేళ్ళు. ‘ప్రకృతి విరుద్ధ’ లైంగిక చర్యలను శిక్షించే పాత శిక్షా స్మృతిలోని 377వ సెక్షను, లోపాలెన్ని ఉన్నా, బలవంతం జరిగినప్పుడు పురుషులకూ ట్రాన్స్‌జెండర్లకూ ఒక ఆసరాగా ఉండేది. 2024 జూలై 1న కొత్త సంహిత అమలులోకి వచ్చేసరికి అదీ లేకుండా పోయింది. 2025 జూన్‌లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు, పిల్లలను కనే వీలు లేదు కనుక ట్రాన్స్ మహిళ స్త్రీ కాదన్న వాదనను తోసిపుచ్చి, భర్త, అత్తింటివారి వేధింపులపై ఆమె పాత శిక్షా స్మృతిలోని 498ఎ సెక్షను కింద ఫిర్యాదు చేయవచ్చునంది. ఆధారాలు చాలనందున ఆ కేసును మాత్రం కొట్టివేసింది. సంతానం లేని ఆడవారందరి తరఫునా కూడా ఆ మాట చెప్పినట్టయిందని మాకనిపించింది.

మాటకు మాట వచ్చింది గనుక మన వ్యాకరణం గురించి ఒక్క ముక్క. ‘వచ్చాడు’, ‘వచ్చింది’ అని తెలుగు ఏకవచనం మనిషిని విడదీస్తుంది, అందులోనూ ఆడమనిషిని తెచ్చి ఆవు పక్కన నిలబెడుతుంది. గౌరవంగా ‘వచ్చారు’ అన్నామా, ఆ తేడా చెరిగిపోతుంది. ఎదుటి మనిషిని ఎలా పిలవాలో తెలియడం లేదని సణిగేవారికి ‘గారు’ అందుబాటులోనే ఉంది.

ఇక హాస్టళ్ళ విషయం. మహిళల హాస్టళ్ళ నియంత్రణకు తమిళనాడులో 2014 నుంచే చట్టం ఉంది. లైసెన్సు షరతుల్లోనే ఒంటరి గదులు కొన్ని తప్పనిసరి చేయడానికి, రాత్రి వేళ వార్డెను ఉండేలా చూడడానికి, ఫిర్యాదు ఎవరి మీద వచ్చినా ఒకే తీరున విచారించడానికి కొత్త చట్టమేదీ అక్కర్లేదు. కూతురి గురించి రాసిన తల్లికి తాళం గురించి, వార్డెను గురించి, పక్క మనిషి నడవడిక గురించి అడిగే హక్కు పూర్తిగా ఉంది. పక్క మనిషి శరీరం గురించి అడిగే హక్కు ఆమెకు గానీ హాస్టలు యజమానికి గానీ ఉందని మేము అనుకోవడం లేదు. ఆమె ఉత్తరానికి ఈ మాటలే జవాబుగా రాసి పంపాం. రెండో ఉత్తరానికి జవాబు పంపలేకపోయాం. దాని మీద చిరునామా లేదు. ప్రస్తుతానికి రాయడానికి చిరునామా ఏదీ లేదని సంతకం కింద ఆమే ఒక వాక్యం చేర్చారు.