సవరణ: అసమానత, రాజకీయ చీలికపై నా పోస్టు

అమెరికాలో ఆదాయ అసమానత పెరగడం వల్లే జనం రెండుగా చీలిపోయారని మొన్న రాశాను. అది తప్పు. అందులో నేను పెట్టిన గ్రాఫులో చీలికను చూపే గీత జనం అభిప్రాయాలది కాదు, కాంగ్రెస్ (అమెరికా పార్లమెంటు) సభ్యులు సభలో వేసిన ఓట్ల లెక్క. రాజకీయ శాస్త్రవేత్తల పరిశోధన మళ్లీ చదివితే తెలిసింది. 1970ల నుంచి అసమానత గీత, కాంగ్రెస్‌లో పార్టీల మధ్య దూరం చూపే గీత రెండూ కలిసి పైకి పోతున్నాయన్నంత వరకే నిజం. ఏది దేనికి కారణమో గ్రాఫు చెప్పదు. ఈ చీలికలో, జాతి వివక్షను నిషేధించిన 1964 పౌరహక్కుల చట్టం తర్వాత దక్షిణాది తెల్లజాతి ఓటర్లు మెల్లగా డెమోక్రాట్ల నుంచి రిపబ్లికన్ పార్టీ వైపు జరగడం కూడా చిన్న విషయమేం కాదు. ఒక్కోసారి వ్యవహారం తిరగబడుతుంది కూడా, అంటే చీలికే అసమానతకు దారి తీయొచ్చు: పార్టీల పంతాల మధ్య ఫెడరల్ (దేశమంతటికీ కేంద్రం పెట్టే) కనీస వేతనం 2009 నుంచి గంటకు 7.25 డాలర్ల దగ్గరే ఆగిపోయింది. ‘వల్లే’ అన్న మాట నా తొందరపాటు. పాత పోస్టులో కొట్టేశాను.