‘ఈ ఒక్కసారికి’ అంటే కుదరదు

శ్రీకాకుళం జిల్లాలో ఒక ఏటి వంతెనకు పైల్స్, అంటే వంతెనను మోసేందుకు నేల లోపలికి దింపిన కాంక్రీటు స్తంభాలు, ఎంత బరువు మోస్తాయో చూసే పైల్ లోడ్ టెస్ట్ చేయకుండానే, వాటి తలలను కలిపే దిమ్మెకు (పైల్ క్యాప్) కాంక్రీటు వేసేందుకు సిద్ధమయ్యారు. వానలు ముంచుకొస్తున్నాయి, ఈ ఒక్కసారికి టెస్టు తర్వాత చూసుకుందాం అంటున్నారు. ఎలా చూసుకుంటారు? నాలుగైదు పైల్స్ తలలు ఒకే దిమ్మెలో కలిసిపోయాక, వాటిలో ఒకదాని మీదే బరువు పెట్టి చూసే దారి ఎక్కడుంది?

సుత్తితో కొట్టి ఇంటిగ్రిటీ టెస్ట్ చేశాం కదా అన్నది మరో జవాబు. ఆ దెబ్బతో కాంక్రీటులో పగులుందో, మధ్యలో సన్నబడిందో తెలుస్తుంది. కింద నేల ఎంత మోస్తుందో తెలియదు. అది తెలియాలంటే బస్తాలు గానీ, కాంక్రీటు దిమ్మెలు గానీ బరువుగా పేర్చి, జాకీతో పైల్‌ను నొక్కి చూడాలి. పైల్ పునాదుల భారతీయ ప్రమాణం ఐఎస్ 2911 నాలుగో భాగం ప్రకారం, వంతెనలో నిలిచే పైల్ మీద డిజైన్ బరువుకు ఒకటిన్నర రెట్లు పెట్టాలి. 600 మిల్లీమీటర్లకు మించిన పైల్ అయితే 18 మిల్లీమీటర్లు, లేదా వ్యాసంలో 2 శాతం, ఏది తక్కువైతే అంతకు మించి దిగకూడదు.

వంశధార, నాగావళి సంగతి ఇక్కడ ఎవరికీ చెప్పక్కర్లేదు. ఒడిశాలో వాన పడితే మనకు వరద. ఎండాకాలంలో పైల్ చుట్టూ పట్టుకుని ఉన్న ఇసుకను ఆ వరద కొంత లోతు దాకా కోసుకుపోతుంది. అందుకే టెస్టులో పైల్ మోసిన బరువులోంచి ఆ పై ఇసుక ఇచ్చిన బలాన్ని తీసేసి చూడాలి. అసలు టెస్టే చేయకపోతే దేంట్లోంచి తీసేస్తారు?

టెస్టుకు ఖర్చవుతుంది, సీజన్ పోతే పని ఏడాది వెనక్కి పోవచ్చు. నిజమే. కానీ ఈ వంతెనకు వదిలేస్తే రేపు పక్క మండలంలో కాంట్రాక్టర్ ఇదే ఫైలు తెచ్చి చూపిస్తాడు. అక్కడా వానలే, అక్కడా ‘ఈ ఒక్కసారికే’. మూడో వంతెన దగ్గరకొచ్చేసరికి అడిగేవాడే ఉండడు.

2023 మేలో ఇచ్ఛాపురంలో బాహుదా మీది బ్రిటిష్ కాలం నాటి వంతెన గ్రానైట్ లారీ బరువుకు కూలింది. దానికీ పైల్ టెస్టుకూ సంబంధం లేదు. కానీ వంతెన కూలడమంటే ఏమిటో ఈ జిల్లా చూసింది. పాత వంతెన కూలితే వయసైపోయిందన్నారు. కొత్తదానికి ఏం చెబుతారు?

టెస్టు రిపోర్టు చూడకుండా క్యాప్‌కు అనుమతి ఇవ్వొద్దు. ఇప్పటికే సంతకం పెట్టి ఉంటే ఈరోజే వెనక్కి తీసుకోండి. అనుమతి ఇచ్చే ఇంజినీరుకు సర్కారు జీతం ఇస్తున్నది కాంట్రాక్టర్ తొందర తీర్చడానికి కాదు.