బోరు 96 ఉంచాలా, 99 చేయాలా?

విజయవాడ ఆటోనగర్‌లో ఓ షెడ్డు. బల్ల మీద పోర్షే కేమన్ ఎస్ ఇంజను విప్పి ఉంది: 3.4 లీటర్లు, ఆరు సిలిండర్లు, ఇటు మూడు అటు మూడుగా పడుకుని ఉండే రకం. ఆరో సిలిండరు గోడ గీరుకుపోయి ఆయిల్ తాగుతోంది. చెన్నై దగ్గరి ఇరుంగాట్టుకోట్టై ట్రాక్ మీద తిప్పడానికి కట్టించాలని ఓనరు పట్టుదల. బోరు, అంటే సిలిండరు లోపలి వ్యాసం, ఇప్పుడున్న 96 మిల్లీమీటర్లే ఉంచాలా, 99 చేయాలా అన్నదే వాదం. నేను మేస్త్రి పక్షమే, కానీ ఓనరు కుర్రాడి మాటల్లోనూ పస ఉంది.

ఓనరు: మేస్త్రి గారూ, ఎలాగూ ఆరు బోర్లకీ కొత్త లైనర్లు (లోపలి తొడుగులు) వేయాలి. 96 మిల్లీమీటర్లకి వేసినా 99కి వేసినా కూలిలో పెద్ద తేడా ఉండదు. 99 చేస్తే 3387 సీసీ కాస్తా 3600 దాటుతుంది. ఇప్పుడు వదిలేస్తే రేపు మళ్ళీ లైనర్లు, మళ్ళీ పిస్టన్లు. రెండుసార్లు ఖర్చు నేనెందుకు పెట్టాలి?

మేస్త్రి: లెక్క బాగానే ఉంది బాబూ. అసలు ఇది ఎందుకు పోయిందో చూడండి. లారీ బ్లాకులా ఇనప బోరు కాదిది. అల్యూమినియంలో సిలికాన్ ఉన్న గోడ, లోకాసిల్ అంటారు. పిస్టన్ పక్కనుండే ఇనప పూత లేచిపోతే అల్యూమినియం నేరుగా గోడని రాసుకుంటది. వేడెక్కేకొద్దీ ఆయిల్ పొర పల్చబడుద్ది.

ఓనరు: అందుకే నికాసిల్ పూత వేయిద్దాం, ఫోర్జ్‌డ్ పిస్టన్లు పెడదాం అంటున్నా.

మేస్త్రి: వేయించండి, నేను వద్దననుగా! మా బోరింగ్ మిషను మీద అయ్యే పని కాదని నేనే ముందు చెప్పా. నికెల్‌లో సిలికాన్ కార్బైడ్ కలిసిన పూత అది, బ్లాకు బయటికి పంపాల్సిందే. నా గొడవల్లా ఆ మూడు మిల్లీమీటర్ల గురించే. బోరు పెరిగితే సిలిండర్ల మధ్య మెటల్ తగ్గుద్ది, వేడి పెరుగుద్ది. పైగా కంప్రెషన్ కూడా పెంచుతానంటున్నారు. బంకుల్లో దొరికే మామూలు పెట్రోలు దానికి తట్టుకోదు. నాకింగ్, అంటే పెట్రోలు అదుపు తప్పి పేలడం, మొదలైతే ఏ పిస్టనూ ఆగదు.

ఓనరు: కంప్రెషన్ సంగతి వదిలేస్తా. 295 హార్స్‌పవర్‌తో స్ట్రెయిట్‌లో అందరూ దాటిపోతుంటే మాత్రం ఊరుకోలేను.

మేస్త్రి: స్ట్రెయిట్‌లో ఈ ఇంజనుకి భయం లేదు. మలుపులో ఉంది. గాళ్ళు లేని స్లిక్ టైర్లు వేస్తే పొడుగు మలుపులో బండి 1 జీ దాటి, అంటే దాని బరువుకి మించిన బలంతో, పక్కకి లాగుద్ది. పడుకున్న ఇంజను కదా, ఆయిల్ అడుగున నిలవుండే సంపు వదిలేసి బయటివైపు హెడ్డులో చేరుద్ది. పంపు గాలి పీలుస్తది. 7000 ఆర్‌పీఎం దగ్గర ఒక్క సెకనంటే క్రాంకు దాదాపు 117 చుట్లు. అన్ని చుట్లూ రాడ్ బేరింగులు ఆయిల్ లేకుండా తిరిగినట్టే.

ఓనరు: లోతు సంపు, ఆయిల్ పక్కకి పోకుండా ఆపే బాఫిల్ ప్లేట్లు నా లిస్టులో ఉన్నాయిగా.

మేస్త్రి: ఆఖర్న, ‘డబ్బు మిగిలితే’ అని రాశారు. అవి మొదట ఉండాలి. తర్వాత ఆయిల్ కూలర్, ముందువైపు ఇంకో రేడియేటరు, 71 డిగ్రీలకే తెరుచుకునే థర్మోస్టాట్. బేరింగులూ రాడ్ బోల్టులూ కొత్తవి. ఐఎంఎస్ (ఇంటర్మీడియెట్ షాఫ్ట్) బేరింగు కూడా ఇప్పుడే చూడాలి, ఈ మోడల్లో క్రాంక్‌కేసు విప్పకుండా అది బయటికి రాదు. ఇవన్నీ అయ్యాక మిగిలిన డబ్బుతో హార్స్‌పవర్ కొనుక్కోండి.

(నన్ను మేస్త్రి వైపు తిప్పింది ఈ మాటే. ట్రాక్ ఇంజను కట్టే డబ్బు ముందు ఆయిల్‌కీ చల్లదనానికీ పోవాలి. పవర్ కొలిచే డైనో మీద వచ్చే అంకె ల్యాపు మధ్యలో ఆగిపోయిన బండికి ఎందుకూ పనికిరాదు.)

మేస్త్రి: ఇంకోటి. ఆర్‌సీలో 3387 ఉంటది. సీసీ మార్చి రోడ్డెక్కితే మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఒప్పుకోదు.

ఓనరు: ట్రైలర్ మీదే తీసుకెళ్తా, రోడ్డు మీద నడపను. సరే, సంపు, కూలర్ ముందు చేద్దాం. బోరు విషయంలో మాత్రం తగ్గను. మెషిన్ షాపు వాళ్ళు గోడ మందం కొలిచి చాలుతుందంటే 99కే.

మేస్త్రి: కొలవనివ్వండి, ఆ కాయితం నేనూ చూస్తా. ఏ బోరైనా సరే, ఆయిల్ ప్రెషర్, టెంపరేచర్ రికార్డు చేసే లాగర్ బిగించందే బండిని షెడ్డు దాటనివ్వను.

ఓనరు: ఆ లాగర్ ఆర్డర్ ఇవాళే పెడతా.