లెక్కకు అందని పెద్దలు

వృద్ధాప్యంపై మన దేశంలో పరిశోధనే లేదని ఇక అనలేము. 2017-18లో మొదలైన, దేశంలో వృద్ధాప్యంపై దీర్ఘకాలం సాగే లాసీ సర్వే 45 ఏళ్లు పైబడిన 72 వేల మందికి పైగా పలకరించింది. దాని అనుబంధ అధ్యయనం 60 ఏళ్లు దాటినవారిలో 7.4 శాతం మందికి, అంటే సుమారు 88 లక్షల మందికి, డిమెన్షియా (మతిమరుపు జబ్బు) ఉందని 2023లో అంచనా వేసింది. అది పురుషుల కంటే స్త్రీలలో, పట్టణాల కంటే పల్లెల్లో ఎక్కువని తేల్చింది. అయితే రాష్ట్రమే కొలమానమైన లెక్కల్లో ఒడిశాలోని పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, బరంపురం ప్రాంతాల తెలుగు పెద్దలు ఆ రాష్ట్ర సగటులో కలిసిపోతారు. అక్కడి గజపతి జిల్లా కొండల్లోని సవర గిరిజన వృద్ధులకైతే తెలుగూ ఒడియా రెండూ ఇంటి భాషలు కావు.

ఈ రోజు తేదీ ఎంత, నూరులోంచి ఏడేసి తీసివేస్తూ పోండి, ఒక వాక్యం రాయండి, ఈ బొమ్మ చూసి గీయండి: 1975లో అమెరికాలో రూపొంది నేటికీ ప్రపంచమంతా వాడుతున్న జ్ఞాపకశక్తి పరీక్ష అడిగేవి ఇలాంటివే. బడి గడప తొక్కకుండా, తిథివారాలతోనే కాలాన్ని గుర్తుపెట్టుకునే అవ్వను అంతంతమాత్రంగా వచ్చిన ఒడియాలో వీటిని అడిగితే, ఆమె తడబాటు జబ్బు వల్లనా, చదువు లేకపోవడం వల్లనా అన్నది మార్కులను బట్టి తెలియదు. హర్యానాలోని బల్లభ్‌గఢ్‌లో చదువురాని పల్లె వృద్ధుల కోసం ఈ పరీక్షను హిందీలో, ప్రశ్నలతో సహా మార్చుకున్నది 1990లలోనే. కాబట్టి దారి తెలియదన్న సాకు చెల్లదు.

మందుల ప్రయోగాల సంగతి మరీ విడ్డూరం. వయసు మీరినవారిని, రెండు మూడు జబ్బులున్నవారిని, కిడ్నీలు దెబ్బతిన్నవారిని చాలా ప్రయోగాలు మొదట్లోనే పక్కన పెడతాయి. తర్వాత ఆ మందులను ఎక్కువగా మింగేది వారే. కిడ్నీ జబ్బులతో దశాబ్దాలుగా నలుగుతున్న శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ఈ ఒడిశా జిల్లాల పొలిమేరలోనే ఉంది. పైగా ఒడిశా వైపు రోగులు శ్రీకాకుళానికో విశాఖకో పోతే, ఓటు ఒడిశాలో, కేసు షీటు ఆంధ్రలో ఉంటాయి.

మనిషికి అర్థమయ్యే భాషలోనే సమ్మతి తీసుకోవాలని భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2017 మార్గదర్శకాలు చెబుతున్నాయి. జ్ఞాపకశక్తి పరీక్షలకు కూడా అదే నియమం వర్తించాలి. లాసీ రానున్న విడతల్లో సరిహద్దు జిల్లాల నుంచి జనాభా నిష్పత్తికి మించి నమూనా తీసుకుని, ఫలితాలను భాషవారీగా, చదువువారీగా ప్రకటించాలి. బరంపురం, విశాఖ వైద్య కళాశాలలు కలిసి ఆ పరీక్షలకు తెలుగు, సవర రూపాలను సిద్ధం చేయాలి. పెద్దలను వెంటబెట్టుకొచ్చే కొడుకుకో కోడలికో పోయిన ఆ రోజు కూలీని, బస్సు ఛార్జీని పరిశోధన ఖర్చులోనే చూపాలి.