ఓనరు గారి అబద్ధానికి దిక్కెవరు?

ఇంటి ఓనరంటే లోకానికి జాలి లేదు. పాపం, ఆయన ఎవరినీ మొహం మీద పొమ్మనడు. "అయ్యో, ఇందాకే ఒకాయన అడ్వాన్స్ ఇచ్చి వెళ్లాడండీ" అంటాడు. ఇంత మర్యాదగా అబద్ధమాడే మనిషిని కోర్టుకీడ్చడం ఏం సంస్కారం?

అమెరికాలో ఈ సంస్కారహీనత 1968లో చట్టమైంది. మార్టిన్ లూథర్ కింగ్ హత్య జరిగిన వారానికి అధ్యక్షుడు జాన్సన్ ఫెయిర్ హౌసింగ్ చట్టం మీద సంతకం పెట్టాడు. రంగు, మతం, పుట్టిన దేశం చూసి ఇల్లు లేదనకూడదట. మరేం చూడాలి? అద్దె కట్టగలడా లేదా అనా? ఛ, ఓనర్లు అంత డబ్బు మనుషులా! 1988లో పిల్లలున్న కుటుంబాలనూ, వికలాంగులనూ కూడా ఈ జాబితాలో చేర్చారు.

1972లో జరిగింది మరీ ఘోరం. శాన్‌ఫ్రాన్సిస్కోలో ఓ పెద్ద అపార్ట్‌మెంట్ల సముదాయం మీద దావా వేసింది ఇల్లు దొరకనివాళ్లు కాదు, లోపల కాపురముంటున్నవాళ్లు. అందులో ఒకరు తెల్లవారు కూడా! నల్లవారిని రానివ్వకపోవడం వల్ల తమకే నష్టమట. ఏరి కోరి పొరుగును కుదిరిస్తే ఇదా విశ్వాసం? సుప్రీంకోర్టు మాత్రం దావా వేసే హక్కు వాళ్లకుందని ఏకగ్రీవంగా తేల్చింది.

1982 నాటికి అబద్ధం మీదే పడ్డారు. వర్జీనియాలో ఓ నల్లజాతి మహిళ, ఓ తెల్లాయన విడివిడిగా వెళ్లి ఫ్లాట్లు ఖాళీ ఉన్నాయా అని అడిగారు. ఆమెకు లేవన్నారు, ఆయనకు ఉన్నాయన్నారు. అదీ దావా. తీరా చూస్తే ఇద్దరికీ ఇల్లు అక్కర్లేదు, పరీక్షించడానికే వెళ్లారు. ఇల్లు అక్కర్లేని మనిషికి ఇల్లు లేదంటే పోయిందేముంది? ఆణిముత్యం లాంటి ప్రశ్న. కోర్టు వినలేదు. అద్దెకు దిగినా దిగకపోయినా నిజం వినే హక్కు ఆమెకుందంది. నిజం విన్న తెల్లాయనకు మాత్రం ఆ లెక్కన దావా లేదు. (చెడిపోయింది అబద్ధం విన్నవాళ్లు కదా, నిజం విన్నవాడికేం.)

ఓనరుకు మిగిలింది ఒక్కటే ఓదార్పు. నాలుగు వాటాలకు మించని ఇంట్లో తనూ కాపురముంటే ఆ 1968 చట్టంలో చాలా భాగం వర్తించదు. కాకపోతే ఎవరు వద్దో బోర్డు మీద రాయకూడదు, మనసులో పెట్టుకోవాలి. రంగు సంగతికొస్తే అదీ కుదరదు, 1866 నాటి ఇంకో చట్టం కాచుకుని కూర్చుంది.

అందుకే ఆయన గేటు దగ్గర బోర్డు పట్టుకుని అలా నిలబడిపోయాడు. 'టు-లెట్' అని రాశాడు. తర్వాత ఏం రాయాలో తోచక, ఫోన్ నంబరు వేసి ఊరుకున్నాడు.