గౌరవనీయులైన 01-01-1970 గారికి

అయ్యా,

కడప ఏడు రోడ్ల కాడ ఆన్‌లైన్ అప్లికేషన్లు నింపేవాణ్ణి రాస్తున్నా. పుట్టిన తేదీ లేకున్నా మీరే, గడువు తేదీ లేకున్నా మీరే. ఖాళీ గడి కనపడితే చాలు, వచ్చి కూర్చుంటారు.

తమరిది గొప్ప వంశమే. యూనిక్స్ అనే కంప్యూటర్ వ్యవస్థ కట్టినోళ్లు కాలాన్ని సెకన్లలో లెక్కపెట్టాలని, సున్నాను మీ దగ్గర నాటినారు. అప్పటినుంచి కొన్ని ప్రోగ్రాములు ఏమీ తెలియకపోతే సున్నా అనుకుంటాయి. సున్నా అంటే మీరు. అదీ గ్రీనిచ్ అర్ధరాత్రి. ఆ లెక్కన మా కడపలో మీ పుట్టుక తెల్లారి అయిదున్నరకు. అంతకు ముందు పుట్టిన మా పెద్దోళ్లంతా మీకు మైనస్ మనుషులు!

మొన్న ఒక అవ్వ మనవడి ఎల్కేజీ ఫారం కోసం వచ్చింది. ఎప్పుడు పుట్టినాడవ్వా అంటే, "అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగిన నాడు నాయనా, కార్తీక పున్నమి" అనింది. 2021 నవంబర్ 19. ఆమెకు సంతకం కూడా రాదు. స్క్రీన్ మీద చూస్తే, తేదీ గడి ఖాళీగా పోయినట్టుంది, పిల్లోడి పేరు పక్కన తమరు. వాళ్ల నాయన కంటే పెద్దోడైపోయినాడు. వయసు మించిందని సైటు దరఖాస్తు తిప్పి కొట్టింది.

తేదీ దిద్ది పంపితే ప్రింటులో నవంబర్ 18 వచ్చింది. మన అర్ధరాత్రి గ్రీనిచ్‌లో ముందురోజు సాయంత్రం ఆరున్నర కదా, యంత్రం తేదీని గ్రీనిచ్ లెక్కకు మార్చి, టైమ్ తీసేసి తేదీ మాత్రం ఉంచుకుంటే ఒక రోజు హాంఫట్. అవ్వకు ఇదెట్ల చెప్పేది?

మా పాతకాలం అయ్యవార్లు కూడా తక్కువోళ్లేం కాదులెండి. తేదీ తెలియని పిల్లోళ్లందరికీ జూలై 1 రాసి పడేసినారు. అయినా చెయ్యి తల మీదుగా తిప్పి అవతలి చెవి అందుతుందా అని చూసి, ఏడాదైనా అంచనా కట్టినారు. మీరు చెవి కూడా చూడరే!

ఇక్కడ క్యాలెండర్లకు కరువు లేదు. ఉగాదికి దేవుని కడప గుడికి ముస్లింలూ వస్తారు. బీబీ నాంచారమ్మ వాళ్లింటి ఆడబిడ్డ, వెంకన్న అల్లుడు. 2025లో ఉగాది మార్చి 30న, రంజాన్ 31న పడినాయి. హిజ్రీ ఏడాది సుమారు 354 రోజులే, అందుకే రంజాన్ ఏటేటా ముందుకొస్తుంది. పంచాంగం మాత్రం అధికమాసం చేర్చి సర్దుకుంటుంది, 2026లో జ్యేష్ఠం రెండుసార్లు. ఇన్ని చిక్కులున్నా, నెలవంక కనపడకపోతే కనపడలేదనే చెబుతారు, పండగను మరుసటి రోజుకు మార్చుకుంటారు. "చంద్రుడు 1970లో కనపడినాడు" అని ఎవరూ చాటింపు వెయ్యరు.

కాబట్టి తమరు ఆ గడి ఖాళీ చేసి, అక్కడ "తెలీదు" అని ఉండనియ్యండి. ఆ మాటకు చోటు లేదని మాత్రం అనొద్దు.

ఇంకొకటి. పాత పద్ధతిలో 32 బిట్లలో, అంటే 32 సున్నా-ఒకట్లలో, సెకన్లు దాచుకునే యంత్రాలకు 2038 జనవరి 19న, మన టైమ్ ప్రకారం పొద్దున 8:44:07కు కడుపు నిండిపోతుంది. మరుసటి సెకనుకు లెక్క మైనస్‌లోకి తిరగబడి అవి 1901 డిసెంబరులో తేలతాయి. అప్పుడు ఖాళీ గడుల్లో మీరు, నిండిన గడుల్లో 1901. ఆ రోజు మంగళవారం. షాపుకు సెలవు.

ఇట్లు,
ఏడు రోడ్ల కాడ ఫారాలు నింపేవాడు